పాతబడింది టీవీయా, అందులోని యాప్‌లా?

దసరా, దీపావళి ఆఫర్లు మొదలయ్యాయంటే చాలు, నిక్షేపంగా పనిచేస్తున్న టీవీ కూడా ఉన్నట్టుండి పాతదైపోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగడంతో ఆ తొందర ఇంకాస్త పెరిగింది. పన్ను తగ్గితే కొనుక్కునేవాళ్లకు మేలే. కానీ అవసరం లేనివాళ్లకు అది అవసరాన్ని పుట్టించదు. తెర చెడిపోయినప్పుడు, లేదా ఆ తెర మీద ఉన్నది ఇంట్లోవాళ్లకు సరిగా కనబడనప్పుడు టీవీ మార్చాలి. మిగతా కారణాల్లో చాలావాటికి అంతకంటే చవకైన మందు ఉంది.

యాప్‌లు సరిగా రావడం లేదన్నదే ఇప్పుడు ఎక్కువగా వినిపించే ఫిర్యాదు కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. స్మార్ట్ టీవీ అంటే ఒకే పెట్టెలో ఇమిడిన రెండు వస్తువులు: ఒక తెర, ఒక చిన్న కంప్యూటరు. తెర ఏళ్ల తరబడి పనిచేస్తుంది. కంప్యూటరుకు అంత ఆయుష్షు లేదు. కొత్త యాప్‌లకు మెమరీ చాలదు, కంపెనీ అప్‌డేట్లు పంపడం మానేస్తుంది, చివరికి యాప్‌లవాళ్లే ఆ మోడల్‌ను వదిలేస్తారు. 2019 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ కొన్ని పాత శాంసంగ్ టీవీల్లో పనిచేయడం ఆగిపోయింది. ఆ టీవీల తెరలకు వచ్చిన లోపమేమీ లేదు. ఇలాంటప్పుడు హెచ్‌డీఎంఐ పోర్టులో పెట్టే ఒక స్ట్రీమింగ్ స్టిక్ కొంటే సరిపోతుంది. కొత్త టీవీ ధరలో అది చిన్న వంతు. ఈ ఉపాయం మనకు కొత్త కూడా కాదు. కేబుల్ డిజిటైజేషన్ రెండో దశలో, 2013లో, హైదరాబాద్, విశాఖపట్నాలలో అనలాగ్ ప్రసారాలకు తెరదించారు. ప్రసార విధానమే మొత్తం మారినా జనం టీవీలు పారేయలేదు. సెట్‌టాప్ బాక్స్ పెట్టుకుని అదే పిక్చర్ ట్యూబ్ మీద సీరియళ్లు చూశారు.

ఇక 4కె. అంకెలు చూస్తే ఘనంగానే ఉంటుంది: ఫుల్ హెచ్‌డీలో 1920 అడ్డం, 1080 నిలువు చుక్కలైతే ఇందులో 3840, 2160. అంటే నాలుగు రెట్లు. అయితే చుక్కల్ని లెక్కపెట్టాల్సింది కన్ను, దానికో హద్దుంది. మామూలు చూపున్న మనిషి 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరకు దాదాపు ఆరడుగుల దూరంలో కూర్చుంటే ఒక చుక్కను పక్క చుక్క నుంచి విడదీసి చూడలేడు. మన హాళ్లలో సోఫాకూ టీవీకీ మధ్య దూరం సాధారణంగా ఇంతకంటే ఎక్కువే. అక్కడి నుంచి 4కె అదనంగా చూపించేది బహు తక్కువ. పైగా తెర మీదికి వచ్చే సరుకు మాటేమిటి? రోజూ చూసే తెలుగు చానెళ్లు ఎస్‌డీలోనో హెచ్‌డీలోనో వస్తాయి. ఎస్‌డీ బొమ్మను 55 అంగుళాలకు సాగదీస్తే చిన్న తెర మీద కంటే మసకగా కనిపిస్తుంది. నెట్‌ఫ్లిక్స్‌లో 4కె చూడాలంటే ఖరీదైన ప్రీమియం ప్లాన్ తీసుకోవాలి. షోరూమ్‌లో కళ్లు చెదిరేలా కనిపించేది ప్రత్యేకంగా తీసిన డెమో వీడియో, వెలుగూ రంగులూ పూర్తిగా పెంచి పెట్టింది. మీరు చూసే వార్తల చానెల్ పెట్టి చూపించమని అక్కడే అడగండి. నిజానికి బొమ్మలో తేడా బాగా తెలిసేది నలుపు ఎంత నల్లగా ఉందన్న చోట. ఓఎల్‌ఈడీ టీవీల గొప్ప అదే, వాటి ధర కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. చవక సెట్ల పెట్టెల మీద హెచ్‌డీఆర్ అని రాసి ఉన్నంత మాత్రాన ఆ తేడా రాదు.

పాత టీవీ కరెంటు ఎక్కువ తాగుతుందని ఇంకొందరి వాదన. లెక్క వేద్దాం. 21 అంగుళాల పిక్చర్ ట్యూబ్ టీవీకి సుమారు 80 వాట్లు, 32 అంగుళాల ఎల్‌ఈడీకి సుమారు 40 అనుకుంటే, రోజుకు ఐదు గంటలు చూసినా నెలకు మిగిలేది ఆరు యూనిట్లు. యూనిట్ ఐదు రూపాయల చొప్పున ముప్పై రూపాయలు. పది వేల టీవీ ఖర్చు ఈ పొదుపుతో రాబట్టాలంటే పాతికేళ్లు దాటిపోతాయి. అసలు చాలామంది 32 అంగుళాల నుంచి 55కు వెళ్తున్నారు కాబట్టి వాళ్ల బిల్లు తగ్గకపోగా పెరుగుతుంది. రిపేరు దండగ, కొత్తదే నయం అనేవాళ్ల మాటలో మాత్రం కొంత నిజముంది. తెర పగిలితే పానెల్ ధర కొత్త టీవీ ధరకు దగ్గరగా వస్తుంది, అప్పుడు మార్చడమే తెలివైన పని. కానీ మాట వినిపిస్తూ బొమ్మ రాకపోతే వెంటనే ఆ నిర్ణయానికి రాకూడదు. గదిలో లైట్లు ఆపి, తెర మీద టార్చి వేసి చూడాలి. బొమ్మ లీలగా కనిపించిందంటే పానెల్ బాగానే ఉన్నట్టు, పోయింది వెనకాల ఉండే బ్యాక్‌లైటే. మెకానిక్ దాన్ని తక్కువ ఖర్చుతో బాగుచేయగలడు.

టీవీ మార్చడానికి మొదట్లో చెప్పిన రెండో కారణాన్ని, అంటే తెర మీద ఉన్నది సరిగా కనబడకపోవడాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. చూపు మందగించిన పెద్దవాళ్లకు క్రికెట్ స్కోరో కింద పరుగెత్తే స్క్రోలింగో కనబడకపోతే పెద్ద తెర కొనడం దుబారా కాదు. వాళ్లకు కావలసింది తెర సైజు, చుక్కల సంఖ్య కాదు. పాతదాన్ని మాత్రం వీధిలో వచ్చే పాతసామాన్ల బండికి వేయకూడదు. పిక్చర్ ట్యూబ్ గాజులో సీసం ఉంటుంది. రాగి కోసం ఆ ట్యూబును ఎక్కడో పగలగొడతారు. 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం వీటి రీసైక్లింగ్ బాధ్యత ఉత్పత్తిదారులదే. కొత్తది కొన్నచోటే పాతదాన్ని ఎక్కడ అప్పగించాలో అడగండి.

ఇంత చెప్పినా, లోపలి కంప్యూటరు ఎన్నేళ్లు నడుస్తుందో కొనే రోజున తెలియకపోతే ఎవరైనా ఎలా నిర్ణయించుకోగలరు? ఇంటర్నెట్‌కు కలిపే వస్తువుకు కనీసం ఎన్నాళ్లు భద్రతా అప్‌డేట్లు ఇస్తారో తయారీదారులు ముందే ప్రకటించాలని బ్రిటన్ 2024 ఏప్రిల్ 29 నుంచి చట్టబద్ధం చేసింది. స్మార్ట్ టీవీలూ దాని కిందికి వస్తాయి. ఇక్కడ టీవీ ఎంత కరెంటు వాడుతుందో చెప్పే స్టార్ లేబుల్ ఇప్పటికే ఉంది. యాప్‌లకు, భద్రతకు అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా వస్తాయో ఆ లేబుల్ పక్కనే అచ్చు వేయించడం కేంద్రానికి పెద్ద పనేమీ కాదు.