ఖాళీ ఉంది, జాగా లేదు



జూరాల నిండిందని గద్వాలలో ఎవరైనా ఖుషీ పడితే మా అబ్బాజాన్ ఒకటే అడిగేవారు: "అందులో మన కాల్వకొచ్చేది ఎంత?" శ్రీశైలం కట్టినప్పుడు 308 టీఎంసీలన్నారు, పూడిక చేరాక లెక్క 215కి దిగింది. కనిపించే నీళ్లు వేరు, వాడుకునే నీళ్లు వేరు. కంప్యూటర్ డిస్కుల హిసాబ్ కూడా ఇంతే. ఈ మాట నాకు గత రంజాన్ ముందు బాగా తెలిసొచ్చింది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఇళ్లల్లో పాత సందూకుల్లో ఉన్న నికా సియాహాలు, ఖబరిస్తాన్ కాగజాలు, వక్ఫ్ మున్తఖబ్‌లు మేం స్కాన్ చేసి పెడుతున్నాం. వనపర్తిలో ఒక లినక్స్ మెషీన్. దాంట్లో 4, 4, 2 టీబీల మూడు డిస్కులు, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ మీద రెయిడ్-1గా. అంటే ప్రతి ఫైలూ రెండు డిస్కుల మీద ఉంటుంది. మొత్తం 10 అయినా మనకు దక్కేది 5. "సగం ఎవరు మింగారు?" అని కమిటీ పెద్దాయన ఒకరు నారాజయ్యారు. ఎవరూ మింగలేదు జనాబ్, అది అమానత్‌కు కట్టిన కాపలా ఖర్చు.

అసలు ముసీబత్ తర్వాత వచ్చింది. స్క్రీన్ మీద 800 జీబీ ఖాళీ అని ఉంది. స్కాన్ సేవ్ చేయబోతే "జాగా లేదు" అంది. డిస్కులమ్మే ఒక దుకాణాయన "ఫార్మాట్ కొట్టండి" అని సలహా ఇచ్చాడు. మా భాంజా గాబరాపడి పాత సియాహాల ఫోల్డరే తుడిచేశాడు. అయినా ఖాళీ అంకె కదల్లేదు. "మామూ, తుడిచినా జాగా రాలేదు" అని ఫోన్‌లో ఏడుపు గొంతు.

ఆ ఏడుపులోనే ఖుష్‌ఖబరీ దాగుంది. జుమ్మా నాడు తీసిన స్నాప్‌షాట్ ఆ ఫైళ్లను పట్టుకునే ఉంది, అందుకే జాగా రాలేదు. అల్‌హందులిల్లాహ్!

మరి రాయడానికి జాగా ఎందుకు లేదు? ఈ ఫైల్ సిస్టమ్ డిస్కును గదులుగా పంచుకుంటుంది. ఫైళ్లకు కొన్ని, ఆ ఫైళ్ల చిట్టాకు కొన్ని. చిట్టా గదులు నిండాయి. ఫైళ్ల గదులు సగం సగం ఖాళీ, కానీ కొత్త గది కట్టడానికి కేటాయించని నేల మిగల్లేదు. మామూలు డీఎఫ్ కమాండ్ ఈ సంగతి చెప్పదు. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ సొంత యూసేజ్ కమాండ్ చెబుతుంది, అందులో అన్‌అలొకేటెడ్ అన్న వరుస చూడాలి. తక్కువ నిండిన గదులను బ్యాలెన్స్ కమాండ్‌తో కలిపేస్తే నేల తిరిగొచ్చింది. ఆ తర్వాత స్నాప్‌షాట్ నుంచి సియాహాలను వెనక్కి తెచ్చుకున్నాం. పైసా ఖర్చు కాలేదు.

నా రాయి ఇది. మన దగ్గర మస్జిద్ కమిటీలు, మదర్సాలు, ఫోటో స్టూడియోలు అన్నీ ఇప్పుడు డిస్కుల మీద బతుకుతున్నాయి. డిస్కు కొనడానికి చందా దొరుకుతుంది, హిసాబ్ చూడటానికి మనిషి దొరకడు. నెలకోసారైనా ఆ వరుస చూసే బాధ్యత ఒకరికి అప్పజెప్పండి. అర్థం కాకుండా ఏదీ తుడవొద్దు.

ఇంకో మాట. రెయిడ్ గానీ స్నాప్‌షాట్ గానీ బ్యాకప్ కావు. మెషీన్ కాలిపోతే రెండూ దాంతోనే పోతాయి. మమ్మల్ని ఈసారి కాపాడింది ఇంతెజాం కాదు, నసీబు. అందుకే ఇప్పుడు ఇంకో కాపీ నాగర్‌కర్నూల్‌లో ఒక దోస్త్ ఇంట్లో పెట్టాం. ఆ సియాహాల్లో ఎవరి నానీ నికా ఉందో, ఎవరి మెహర్ రాసుందో! అది మన సొత్తు కాదు, మన చేతిలోని అమానత్.