ట్యాపెట్ల నోరు నొక్కేవాళ్ళకి ఒక మాట

పాత బ్రిటీషు స్పోర్ట్స్ కారున్నవాళ్ళు వాల్వ్ క్లియరెన్స్ సెట్ చేయించాక అడిగే మొదటి ప్రశ్న: "టకటక తగ్గిందా?" నాకు ఒళ్ళు మండేది అక్కడే. వీళ్ళు బాగు చేయించుకుంటున్నది ఇంజనా, సీలింగు ఫ్యానా?

ఎమ్‌జీబీ సంగతే చూడండి. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండులోని ఆబింగ్డన్‌లో తయారైంది. బీఎమ్‌సీ వారి బీ-సిరీస్ ఇంజన్, 1798 సీసీ, ఎనిమిది వాల్వులు. మన అంబాసిడర్‌లో ఏళ్ళ తరబడి ఉన్న 1489 సీసీ పెట్రోల్ ఇంజన్‌దీ ఇదే కుటుంబం. ఎమ్‌జీబీ ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రాకర్‌కీ వాల్వ్‌కీ మధ్య సాధారణంగా 0.015 అంగుళం, అంటే 0.38 మిల్లీమీటర్ల సందు ఉంచుతారు.

ఎందుకూ అంటే, వేడికి వాల్వ్ పొడుగవుతుంది. సందు లేకపోతే పూర్తిగా మూసుకోదు. ఎగ్జాస్ట్ వాల్వ్ తన వేడిని చాలావరకు వదిలించుకునేది సీటు మీద కూర్చున్నప్పుడే. ఆ కూర్చోవడం కుదరనివ్వకపోతే అంచు కాలిపోతుంది, ఇక హెడ్ విప్పాల్సిందే. సందు కాస్త ఎక్కువైతే చప్పుడొస్తుంది, పవర్ కొంచెం తగ్గుతుంది, కానీ సంగతి మీకు తెలుస్తుంది. బిగుతైన వాల్వ్ మాత్రం కిక్కురుమనకుండా కాలుతుంది.

ఇంకో విచిత్రం. బ్రిటన్‌లో సీసం కలిపిన పెట్రోల్ మామూలు అమ్మకాలు 2000 జనవరి 1 నుంచి ఆగిపోయాయి. పాత హెడ్లలోని మెత్తటి సీట్లని కాపాడింది ఆ సీసమే. గట్టి సీట్లు వేయించకుండా, అడిటివ్ కూడా పొయ్యకుండా హైవే మీద బాదితే సీటు అరిగి, వాల్వ్ హెడ్‌లోకి కూరుకుపోతుంది, సందు తగ్గుతుంది. అంటే ఇంజన్ పాడవుతున్నకొద్దీ నెమ్మదస్తురాలవుతుందన్నమాట! ఓనరు మురిసిపోతుంటాడు.

"గేజ్ పెట్టే సెట్ చేశాం, అయినా చప్పుడొస్తోంది, అందుకే ఇంకాస్త బిగించాం" అంటారు కొందరు. రాకర్ కొన అరిగి గుంటపడితే ఫీలర్ గేజ్ ఆ గుంటని దాటుకుని నిలబడుతుంది. గేజ్ లెక్క సరిగ్గానే ఉంటుంది, అసలు సందు ఎక్కువుంటుంది. చప్పుడు అబద్ధం చెప్పట్లేదు, "రాకర్ అరిగిందిరా బాబూ" అంటోంది. దానికి మందు రాకర్ మార్చడం, స్క్రూ తిప్పడం కాదు.

మన ఆఫీసుల్లో జరిగేదీ ఇదేగా? రాత్రి రెండింటికి అలర్ట్ మోగితే థ్రెష్‌హోల్డ్ పెంచేస్తారు. వార్నింగులు ఆపేసి "క్లీన్ బిల్డ్" అని మెయిల్ కొడతారు. క్లయింటు ఫోన్ చేసేదాకా అంతా ప్రశాంతమే.

పద్ధతి కష్టమేం కాదు. ఎనిమిదో వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది సెట్ చెయ్యాలి, ఆరోది తెరుచుకుంటే మూడోది. రెండు నంబర్లూ కలిపితే ఎప్పుడూ తొమ్మిదే. లాక్‌నట్ బిగించాక మళ్ళీ కొలవండి, బిగింపుతో పాటు స్క్రూ కూడా తిరుగుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, స్క్రూ ముట్టుకోకముందే ఉన్న సందులు ఒక పుస్తకంలో రాసుకోండి. 1, 4, 5, 8 ఎగ్జాస్ట్ వాల్వులు. కొలిచిన ప్రతిసారీ వీటి సందు తగ్గి కనబడుతోందంటే సీటు అరుగుతోందని అనుమానించాల్సిందే. ఆ సంగతి మీ చెవికి ఎప్పటికీ తెలీదు.

ఎప్పుడైనా అలాంటి కారు కొనబోతూ, అమ్మేవాడు "చూడండి, చప్పుడే లేదు" అంటే, రాకర్ కవర్ విప్పి గేజ్ పెట్టి చూపించమనండి. ససేమిరా అంటే చెక్కుబుక్ జేబులో పెట్టుకుని వచ్చెయ్యండి.