త్రాసునెక్కిన వినోదము

మనుష్యుని బరువు తూచుటయే వినోదముగా చూపు ప్రదర్శనములు టెలివిజనునందు ప్రబలి యిప్పటికి ఇరువదియేండ్లు దాటినవి. వీనికి 'రియాలిటీ' యని, అనగా యథార్థమని, పేరు. యథార్థమను ముద్రతో అంగడికి వచ్చిన సరకు నిజముగా నట్టిదా కాదా యని పరిశీలించుట పత్రికల విధి. మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల పాఠకులకు ఇది దూరపు ముచ్చటగా తోపవచ్చును. కాని ఆ పెట్టె మన చావడిలోనే యున్నది. మన బాలికలు రాత్రి భోజనపువేళకు దానియెదుటనే కూర్చుండుచున్నారు. ముద్ద నోటికెత్తుచు, తెరమీది సన్నని నడుమును చూచి, ఆ ముద్దను తిరిగి పళ్లెములో పెట్టు పిల్ల యేయింటనైన నుండవచ్చును.

ఈ జాతి ప్రదర్శనములలో మిక్కిలి పేరుగాంచినది అమెరికాదేశపు 'బిగ్గెస్ట్ లూజర్'. 2004 సంవత్సరమున ఎన్.బి.సి. సంస్థవారు దీనిని ప్రారంభించిరి. స్థూలకాయులైన స్త్రీపురుషులను ఏరి తెచ్చి, లోకమునకు దూరముగా నుంచి, దినమునకు పెక్కుగంటలు వ్యాయామము చేయించి, ఆహారము తగ్గించి, వారాంతమున బ్రహ్మాండమైన త్రాసుపై నిలువబెట్టుదురు. చాలినంత తగ్గనివారు పోటీనుండి తొలగవలెను. ఒక్కొక్కప్పుడు ఆకలిగొన్న వారియెదుటనే మిఠాయిలు పరచి ఆశపెట్టుటయు కలదు. శిక్షకులు అరతురు, పోటీదారులు ఏడ్తురు, నడుమ ప్రకటనలు వచ్చును. 2007లో 'బిగ్గెస్ట్ లూజర్ జీతేగా' యను పేర సహారా వన్‌వారు దీనినే హిందీలోనికి దిగుమతి చేసిరి. విదేశపు వస్త్రమును కాదన్న దేశము విదేశపు త్రాసును ఎట్టి జంకును లేక నెత్తికెత్తుకొన్నది.

తెర దిగిన పిమ్మట ఆ పోటీదారుల గతి యేమైనది? ప్రదర్శకులు చూపలేదు గాని శాస్త్రజ్ఞులు చూపిరి. అమెరికా జాతీయారోగ్యసంస్థలో పనిచేసిన కెవిన్ హాల్, ఆయన సహచరులు, 2009 నాటి పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేండ్ల తరువాత మరల పరీక్షించి 2016లో తమ ఫలితములను ప్రకటించిరి. 30 వారముల పోటీలో వారు సగటున 58 కిలోలు తగ్గిరి. ఆరేండ్లలో అందు 41 కిలోలు తిరిగి వచ్చి చేరినవి. అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. ఆ వయస్సునకు, ఆ కాయమునకు విశ్రాంతిలో ఖర్చు కావలసిన శక్తికంటె వారి దేహములు దినమునకు దాదాపు 500 కేలరీలు తక్కువగా ఖర్చుపెట్టుచున్నవి. అనగా నేమి? దేహము ఆ పోటీని క్షామముగా భావించి, గింజ గింజ దాచుకొను సంసారివలె పొదుపునకు దిగినది. ఆరేండ్లైనను ఆ భయము వీడలేదు. తిరిగి లావెక్కినవానిని చూచి "మనోనిగ్రహము లేనివా" డని లోకము నవ్వినది. వాని దోషము మనస్సులో లేదు. క్షామమునకు తాళి బ్రతుకవలెనని లక్షలయేండ్లుగా దేహమునకు అబ్బిన విద్య అది. ఆ విద్యను రెచ్చగొట్టి, సొమ్ము చేసికొని, తరువాతి కథను చూపక దాటవేసినవారిని ఎవరును నవ్వలేదు.

మన తెలుగున ఇట్టి త్రాసుపోటీ యంతగా ప్రసిద్ధికి రాకపోయినను, దాని చుట్టము వచ్చినది. 1999లో నెదర్లాండ్సు దేశమున పుట్టిన 'బిగ్ బ్రదర్' వంశమునకు చెందిన 'బిగ్ బాస్' 2017 జూలై 16వ తేదీన స్టార్ మా ద్వారా తెలుగింట అడుగుపెట్టినది. అందు తిండియే పాశము, తిండియే కొరడా. పరీక్షలో గెలిచినవారికి మంచి సామగ్రి, ఓడినవారికి కొరత. గ్రుడ్డునకై కలహము, పాలకై కలహము. పెద్ద చదువులు చదివినవారు సైతము వంటయింటివద్ద పోట్లాడుకొనుచుండగా చూచి ఆనందించుటకు మనము అలవాటుపడితిమి. లోపల ఎవరు ఎంత చిక్కిరో బయటకు వచ్చినపిమ్మట మరల ముచ్చటలు. ఇక హాస్యప్రదర్శనములలో లావుపాటి మనిషి రంగముమీదికి వచ్చుటయే హాస్యము. వేరే మాట పలుకనక్కరలేదు.

ఈ దేశము మనుష్యుని ఆకలిని మరియొక విధముగా చూచిన దినములు కలవు. 1943 ఫిబ్రవరి 10వ తేదీన గాంధీమహాత్ముడు ఆగాఖాన్ సౌధమున 21 దినముల నిరశనమునకు పూనినపుడు, వైద్యుల ప్రకటనలకై జనులు పత్రికలకు ఎదురుచూచిరి. 1952లో మదరాసున పొట్టి శ్రీరాములుగారు 58 దినములు నిరాహారులై ప్రాణములు విడిచిరి. ఆ యేడే రాయలసీమ కరవున గంజికేంద్రములయెదుట జనులు బారులు తీరిరి. ఆ దినములు చూచినవారు ఇంకను కొందరు సజీవులై యున్నారు. అట్టి సీమలో, ఆకలిని ఆటవస్తువుగా చేసిన ప్రదర్శనమునకు సాయంకాలమంతయు అర్పించుట మాకు వింతగా నున్నది.

టెలివిజనులో వేరొక తరగతి కూడ నున్నది. అది ఆహారోపదేశకుల తరగతి. మంతెన సత్యనారాయణరాజుగారు ఉప్పును నూనెను మానుమందురు. వీరమాచనేని రామకృష్ణగారు ధాన్యము మాని కొబ్బరినూనెవంటి క్రొవ్వును పుచ్చుకొనుమందురు. 2023లో పద్మశ్రీ పొందిన ఖాదర్ వలీగారు వరిని గోధుమను విడిచి కొఱ్ఱలు, అండుకొఱ్ఱలు, సామలు, ఊదలు, అరికెలు తినుమందురు. వీరి సదుద్దేశమును మేము శంకింపము. వీరి మాట విని కొంద ఱారోగ్యవంతులైరని చెప్పుకొనుటను కాదనము. కాని ఒక్క పెట్టెలోనుండి ఒకరు నూనె విషమనియు, ఒకరు నూనెయే మందనియు చెప్పుచుండగా వినువాని గతి యేమి? తగ్గినవారిని వేదికనెక్కించి కిలోల లెక్క చెప్పించెడి కార్యక్రమము చూచునపుడు పాఠకులు ఒక ప్రశ్న వేసికొనవలెను. అదే విధి నవలంబించి తగ్గనివారు, తగ్గి మరల పెరిగినవారు, మూత్రపిండముల జబ్బుతో మధ్యలో మానుకొన్నవారు, ఏవేదికపై నున్నారు? వైద్యశాస్త్రమున ఒక చికిత్సకు విలువకట్టవలెనన్న, బాగుపడినవారితోపాటు బాగుపడనివారిని కూడ లెక్కించెదరు. టెలివిజను లెక్కలో సగము పుటలు చింపివేయబడి యుండును.

సన్నదనముపై ఈ మోహము ప్రాణములతో చెలగాటమాడు స్థితికి వచ్చినది. 2001లో 'నువ్వు నాకు నచ్చావ్' చిత్రముతో తెలుగువారి యాదరము పొందిన ఆర్తీ అగర్వాల్, 2015 జూన్ 6వ తేదీన అమెరికాలో 31వ యేట మరణించినది. అంతకు కొన్ని వారముల ముందు క్రొవ్వు తీయించు శస్త్రచికిత్స చేయించుకొన్నట్లు పత్రికలు వ్రాసినవి. మరణమునకు అదియే కారణమని తీర్పుచెప్పుట మా పని కాదు. ఆమె బరువునుగూర్చి ఏండ్లతరబడి అచ్చువేసిన యెగతాళి వ్రాతలలో మావంటి పత్రికలవారికిని భాగమున్నదని మాత్రము చెప్పక తప్పదు. అదే సంవత్సరము నవంబరులో 'సైజ్ జీరో' అను తెలుగు చిత్రము విడుదలయై, తొందరగా సన్నబరచెద మను వ్యాపారుల మోసమునే కథావస్తువుగా గ్రహించినది. అందు నటించుటకై అనుష్క నిజముగా బరువు పెరిగినది. ఆ బరువెట్లు దిగునను చర్చయే చిత్రముకంటె నెక్కువకాలము సాగినదనుట మన యభిరుచికి ఒక సాక్ష్యము.

ఇక మన సీమకు వత్తము. మదనపల్లెచెంత ఆరోగ్యవరమున, ఇరువదవ శతాబ్దపు రెండవ దశకమున, డాక్టరు ఫ్రీమొట్ మొల్లర్‌గారి పూనికతో క్షయరోగుల ఆరోగ్యాశ్రమము నెలకొన్నది. స్ట్రెప్టోమైసిన్‌వంటి మందులు రాని యా కాలమున మంచిగాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము, ఇవియే ముఖ్యచికిత్స. అట్టి యాశ్రమములలో రోగి త్రాసునెక్కినపుడు ముల్లు కుడివైపునకు జరిగినచో పండుగ. 1959లో మదరాసునందలి పరిశోధకులు, మందులు సరిగా వాడినచో ఇంటివద్ద చికిత్సయు ఆశ్రమచికిత్సయు సమానమేయని నిరూపించిరి. ఆశ్రమముల యవసరము తగ్గినది గాని ఆహారపు ప్రాముఖ్యము పోలేదు. జార్ఖండులో క్షయరోగులకును వారి కుటుంబములకును ఆహారదినుసులిచ్చి చేసిన పరిశోధన 2023లో వెలువడినది. ఇంటివారిలో క్రొత్తగా క్షయ సోకుట నూటికి సుమారు 40 పాళ్లు తగ్గినది. మొదటి రెండు నెలలలో తన బరువులో నూటికి 5 పాళ్లు పెరిగిన రోగికి మరణభయము నూటికి 60 పాళ్లవరకు తక్కువగా కనబడినది. బరువు పెరుగుట జయముగా నెంచు త్రాసులు ఈదేశమున నేటికిని పనిచేయుచున్నవి. వానిని టెలివిజను చూపదు.

అట్లని స్థూలకాయము హానికరము కాదని మేమనుట లేదు. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున వయసువచ్చిన స్త్రీలలో నూటికి 36 మంది అధికబరువు గలవారు. నూటికి 15 మంది తగిన బరువు లేనివారు. నూటికి 59 మంది రక్తహీనతచే బాధపడువారు. అయిదేండ్లలోపు బిడ్డలలో నూటికి 31 మంది యెదుగుదల లేనివారు. ఈ లెక్కను నిదానముగా చదువుడు. ఒకే గ్రామమున, ఒకే వీధిలో, యజమానుని యింట చక్కెరవ్యాధియు, ఆ పొలమున కలుపుదీయు కూలిదాని యింట రక్తహీనతయు నివసించుచున్నవి. "తక్కువ తినుడు" అను ఒక్క మంత్రమును ఇరువురికిని కలిపి యుపదేశించుట యేపాటి వైద్యము?

పైగా సన్ననివారెల్ల ఆరోగ్యవంతులనుట మనదేశమున అసలే చెల్లదు. పూనా వైద్యుడు యాజ్ఞిక్‌గారును, లండను వైద్యుడు యుడ్కిన్‌గారును 2004లో తమ యిరువురి దేహములనే లోకమునకు ఉదాహరణముగా చూపిరి. ఎత్తునకు తగిన బరువు లెక్క ఇరువురికిని 22.3, దేహమునందలి క్రొవ్వు మాత్రము ఆంగ్లేయునికి నూటికి 9.1, భారతీయునికి 21.2. కావుననే మనవారికి 23 దాటగనే జాగ్రత్త యని మన వైద్యులు హెచ్చరించుచున్నారు. తెరమీద సన్నగా కనబడువానికి చక్కెరవ్యాధి యుండవచ్చును. కంటితో చూచి నవ్వుటకు గాని మెచ్చుటకు గాని ఇందు తావు లేదు.

తెరమీది కథలో బరువంతయు ఒక్క మనిషి పట్టుదలమీద నిలిచియుండును. ఊరిలో అట్లు కాదు. పూర్వము ఈ పడమటి ప్రాంతమున రాగిసంగటి, ఊరుబిండి, ఆకుకూర నిత్యభోజనము. వరియన్నము పండుగనాటి మాట. చెరువులు నిండని సంవత్సరములందును రాగి చేతికి వచ్చెడిది. 1983లో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యమిచ్చినది. ఆకలిని తీర్చిన యా పథకమును మేము నిందింపము. కాని రాగి కడుపుపక్కకు జరిగినది, పొలమునందును వేరుసెనగకును టొమేటోకును చోటిచ్చినది. నూరు గ్రాముల రాగిలో 300 మిల్లీగ్రాములకు పైబడిన సున్నపుధాతువు కలదు. తెల్లబియ్యమున దానిలో ముప్పదవవంతైనను లేదు. ఇక కూరగాయల ధర. మదనపల్లె మార్కెట్టున 2023 జూలై కడపట టొమేటో కిలో 200 రూపాయలకు సమీపించినది. మరికొన్ని నెలలలో కొనువారు లేక రైతు రోడ్డుపై పారబోయుటయు ఇచ్చట అలవాటైన దృశ్యమే. అట్టి ధరలలో కూలివాని పళ్లెమునకు కూరగాయ యెట్లు చేరునో యేయుపదేశకుడును చెప్పుట లేదు. పుంగనూరు ఆవు సంగతియు నట్టిదే. మూడడుగుల యెత్తు మించని, చిక్కని పాలిచ్చు ఆ గోవు నేడు ఛాయాచిత్రములకు ముద్దుగా నున్నది. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రిగారి యింటనే కనబడినది. మన రైతు పెరటిలో మాత్రము అది అరుదైనది.

కర్తవ్యమేమి? 1954 నాటి ఔషధ, ఇంద్రజాల చికిత్సల చట్టము స్థూలకాయమును కుదిర్చెదమని మందులను ప్రకటించుటను నిషేధించినది. మందు పేరెత్తక, 'ఆహారవిధి'యని చెప్పి అదే వాగ్దానము చేయువారు ఆ చట్టపు వలలో పడుట లేదు. ఈ కంతను పూడ్చవలెను. బరువు తగ్గించు ప్రదర్శనము నడపువారు పోటీదారులను అయిదేండ్లవరకు పరీక్షింపించి ఆ ఫలితములనుకూడ అదే వేళకు ప్రసారము చేయవలెనని నియమించుట అన్యాయము కాదు. హైదరాబాదునందలి జాతీయ పోషకాహారసంస్థ 2024లో 17 సూత్రములతో ఆహారనియమములను ప్రకటించినది. తెలుగు చానెళ్లు వానికి దినమునకు పది నిమిషములైన నిచ్చినవా?

మన పాఠకులలో భూవసతి గలవారు కొంతపని తామే చేయవచ్చును. పెండ్లిపందిట ముప్పదిరకముల వంటకములు వడ్డించు కుటుంబములు, కూలీలకు మధ్యాహ్నము సంగటి, పప్పు, గ్రుడ్డు పెట్టుట పెద్ద వ్యయము కాదు. కుప్పము, మదనపల్లెల కళాశాలలవారు బాలికల రక్తపరీక్షలను ఏటేట జరిపించి, రక్తహీనతగల పిల్ల సన్నబడుటకై పస్తుండకుండ చూడవలెను.

2021లో సవరించిన కేబుల్ టెలివిజను నియమముల ప్రకారము ఏ ప్రేక్షకుడైనను చానెలువారికి ఫిర్యాదు వ్రాయవచ్చును. వారు 15 దినములలో తీర్పుచెప్పి తీరవలెను. తృప్తి కలుగనిచో పైసంఘమునకు పోవచ్చును. దీనికి వకీలు అక్కరలేదు. ప్రదర్శనము పేరు, తేదీ, వేళ, అభ్యంతరమైన మాట, ఈ నాలుగును చాలును. ఈ వారము మీ యింట ఏ పిల్లయైన ముద్ద విడిచిపెట్టినచో, ఆమె చూచిన ప్రదర్శనమేదో యడిగి తెలిసికొని తెలుగులోనే వ్రాయుడు.