ముందు కాపలా, తర్వాత గడ్డి

మృగశిర కార్తె ప్రవేశిస్తే తెలుగు రైతు ఆకాశం వైపు చూస్తాడు. అడవిలో గడ్డి మైదానాలు పెంచే అటవీ సిబ్బంది కూడా ఆ తొలకరి కోసమే కాచుకుని ఉంటారు. అమెరికాలో లెక్క వేరు. తెల్లతోక జింకల కోసం ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఓట్లు, టర్నిప్, క్లోవర్ లాంటివి చల్లుతారు. తొలి మంచు పడే రోజుకు నెలన్నర, రెండు నెలల ముందు విత్తితే చలికాలానికి మేత అందుతుందని అక్కడి అనుభవం. చాలామందికి ఆ మేత వేట కోసమే: జింక మేతకొస్తుంది, మంచె మీది మనిషి తుపాకీ ఎత్తుతాడు.

మలేషియాలో శరదృతువు లేదు, మంచు కురవదు, ఆకు రాలే కాలమంటూ విడిగా ఉండదు. అయినా జింకలకు గడ్డి ఎప్పుడు వేయాలన్న ప్రశ్న అక్కడ అమెరికాలో కంటే ఎన్నో రెట్లు బరువైనది, ఎందుకంటే అక్కడ గడ్డి వేయాల్సింది పులి కోసం. 2016 నుంచి 2020 దాకా సాగిన తొలి జాతీయ పులుల సర్వేలో మలయా పులులు 150 కన్నా తక్కువే మిగిలాయని తేలింది. 1950ల్లో మూడు వేలు ఉండేవని అంచనా. 2020 నాటికి వెయ్యికి పెంచుతామని 2008లో కార్యాచరణ ప్రణాళిక రాసుకున్న దేశం, ఆ గడువు వచ్చేసరికి చేతి లెక్కకు అందేటన్ని పులులతో నిలబడింది.

పులి తగ్గడానికి ఒక్కటే కారణం లేదు. అడవి ముక్కలైంది, వేటగాళ్లు పులినే నేరుగా చంపారు. కానీ పులి కడుపు నింపే జంతువులు మాయమైతే, మిగిలిన కొద్ది పులులు ఎంత భద్రంగా ఉన్నా పిల్లల్ని పెంచలేవు. ఆ జంతువుల్లో పెద్దది కణుజు. మలయాలో దాన్ని రూసా అంటారు. బాగా ఎదిగిన మగది రెండు వందల కిలోలు దాటుతుంది. ఒక్క కణుజు దొరికితే పులికి కొన్ని రోజుల తిండి. అదే మూషిక జింకలతో కడుపు నింపుకోవాలంటే రోజంతా వేటలోనే గడిచిపోతుంది. కణుజు ఎనిమిది నెలల పాటు కడుపు మోసి సాధారణంగా ఒక్క పిల్లనే ఈనుతుంది. కాబట్టి ఒకసారి తగ్గిన మంద మళ్లీ పెరగాలంటే ఏళ్లు పడుతుంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దాన్ని 2008లో ప్రమాదపు అంచున ఉన్న జాతుల్లో చేర్చింది. మరుసటి ఏడాదే మలేషియా ద్వీపకల్పంలో కణుజు, కిజాంగ్ అనే మొరిగే జింకల వేటను నిలిపివేశారు, ఆ నిషేధాన్ని తర్వాత పొడిగించారు. పదేళ్ల పాటు కెమెరా ట్రాప్‌లకు చిక్కిన చిత్రాలను 2014లో పరిశోధకులు ఒకచోట చేర్చి చూస్తే, ఒకప్పుడు ద్వీపకల్పమంతా తిరిగిన రూసా కొద్ది అభయారణ్యాలకే పరిమితమైపోయిందని తేలింది.

అడవి పంది మీదా దెబ్బ పడింది. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ 2021 ఫిబ్రవరిలో సబా రాష్ట్రంలో బయటపడింది, ఆ ఏడాది చివరికి ద్వీపకల్పాన్నీ తాకింది. పులికి రోజువారీ తిండి అయిన పంది ఆ జబ్బుకు పిట్టల్లా రాలింది. 2023 చివర్లో కెలంతన్ రాష్ట్రం గువా ముసాంగ్ ప్రాంతంలో పులి దాడుల్లో మనుషులు చనిపోయినప్పుడు, అడవిలో పులికి తిండి లేదన్న మాట పత్రికల్లో మళ్లీ మళ్లీ వినిపించింది.

ఈ పరిస్థితిలో మేత మడులు వేయాలి, చవుడు నేలలు తయారు చేయాలి, పెంచిన జింకల్ని అడవిలోకి వదలాలి అన్న ఆలోచన రావడం సహజం. మలేషియా వన్యప్రాణి శాఖ పెర్హిలితన్ ఈ మూడింటినీ ఎంతో కొంత చేస్తోంది కూడా. ఆలోచన మంచిదే. మలయా వర్షారణ్యం చూడ్డానికి పచ్చగా, చిక్కగా ఉంటుంది గానీ ఆ పచ్చదనమంతా నూటయాభై అడుగుల ఎత్తున ఉంటుంది. కింద నేల మీద వెలుతురే తక్కువ, గడ్డి ఇంకా తక్కువ. జింకలకు తిండి దొరికేది ఏటి గట్ల మీద, చెట్టు కూలి ఎండ పడ్డ చోట, ఆదివాసులు పోడు కొట్టి వదిలేసిన చెలకల్లో. అడవి దున్నలూ కణుజులూ పాత పోడు భూముల చుట్టూ తిరిగేవని మలయా వేటగాళ్లకూ అటవీ అధికారులకూ ఎప్పటి నుంచో తెలుసు.

వాటికి తోడు, జంతువులు ఉప్పు కోసం వచ్చే చవుడు నేలలు. పెరాక్ రాష్ట్రంలోని బెలూమ్ అడవుల్లో వీటిని సీరా అంటారు, పహాంగ్ వైపు జెనుట్ అంటారు. బురద బూడిద రంగులో ఉంటుంది. అంచున గిట్టల ముద్రలు ఒకదాని మీద ఒకటి పడి ముద్దయిపోయి ఉంటాయి, ఏనుగులు తవ్విన గుంటల్లో నీళ్లు నిలుస్తాయి. అటు వెళ్లే దారులు తరతరాల నడకతో నేలలోకి దిగబడి, మనిషి కంటికి కాలిబాటల్లాగే కనిపిస్తాయి. తమన్ నెగారా జాతీయ ఉద్యానవనంలో ఇలాంటి చోట్ల బుంబున్ అనే మంచెలు కట్టారు. పర్యాటకులు రాత్రంతా వాటి మీద కూర్చుని జంతువుల కోసం ఎదురుచూస్తారు.

అదే దారి వేటగాడికీ తెలుసు. అతనికి తుపాకీ కూడా అక్కర్లేదు. మోటారు సైకిల్ బ్రేకుకు వాడేలాంటి సన్నని ఇనుప తీగ, వంచి కట్టిన ఒక పచ్చి కొమ్మ, పైన నాలుగు ఎండుటాకులు చాలు. కాలు పడగానే కొమ్మ పైకి లేస్తుంది, తీగ బిగుసుకుంటుంది. జంతువు గుంజుకున్నకొద్దీ తీగ ఎముక దాకా దిగుతుంది. ఉచ్చుకు రూసా అనీ పులి అనీ తేడా ఉండదు, ఏనుగు పిల్ల కాలునైనా అది పట్టుకుంటుంది. వేటగాడు రావడానికి వారం ఆలస్యమైతే ఆ మాంసం ఎవరికీ కాకుండా కుళ్లిపోతుంది.

ఇప్పుడు ఆ అడవిలో ఎకరం నేల చదును చేసి లేత గడ్డి వేశామనుకుందాం. పది కిలోమీటర్లలో చెదిరి తిరిగే జింకలు సాయంత్రానికి అక్కడికి చేరతాయి. చుట్టూ నాలుగైదు దారులు పడతాయి. వేటగాడు వారాల తరబడి వెతకాల్సిన జాడను ప్రభుత్వమే గీత గీసి చూపించినట్టవుతుంది. అందుకే మలేషియాలో గడ్డి ఎప్పుడు వేయాలన్న ప్రశ్నకు మొదటి జవాబు నెలల్లో లేదు. ఆ లోయలో వరుసగా కొన్ని నెలలు గస్తీ తిరిగి, పనిచేసే ఉచ్చు ఒక్కటీ దొరకని రోజు వచ్చాక వేయాలి. అంతకు ముందు వేసిన ప్రతి మడీ జింకకు ఎర.

గస్తీ కుదురుతుందా అంటే, కుదురుతుంది. 2019లో మొదలైన ఒపెరాసీ బెర్సెపాడు ఖజానాలో పెర్హిలితన్‌తో పాటు పోలీసులు, సైన్యం కలిసి అడవిలోకి వెళ్లారు. మాజీ సైనికుల్నీ ఒరాంగ్ అస్లీ ఆదివాసుల్నీ గస్తీకి తీసుకున్నారు. బెలూమ్, తెమెంగోర్ అడవుల్లో జహాయ్, తెమియార్ తెగల వాళ్లకు ఏ వాగు పక్కన ఏ దారి పోతుందో, నిన్న ఎవరు నడిచారో చెప్పగల కన్ను ఉంది. ఎంత జీతం ఇచ్చినా పట్నం నుంచి వచ్చిన మనిషికి ఆ చూపు రాదు. 2022 చట్ట సవరణతో శిక్షలు కూడా పెరిగాయి: పది లక్షల రింగిట్ల దాకా జరిమానా, పదిహేనేళ్ల దాకా జైలు. అయితే ఇలాంటి గస్తీలు ఉత్సాహంగా మొదలై బడ్జెట్ అయిపోగానే సన్నబడతాయి. గడ్డి మడి ఒకసారి వేశాక గస్తీ ఆగడం, అసలు వేయకపోవడం కంటే ప్రమాదం.

పొరుగున థాయిలాండ్ చేసింది ఈ క్రమాన్నే. హువాయ్ ఖా ఖేంగ్ అభయారణ్యంలో ముందు గస్తీని గట్టి చేసింది, మేత జంతువుల్ని అడవుల్లోకి వదలడం ఆ తర్వాతే చేపట్టింది. 2024లో ఆ దేశం ప్రకటించిన పులుల అంచనా 179 నుంచి 223. మన దేశంలోనూ మధ్యప్రదేశ్ కన్హా కథ ఇదే చెబుతుంది. 1970లో అక్కడ బారసింగా జింకలు 66కు పడిపోయాయి. అడవి లోపలి ఊళ్లను బయటికి తరలించి ఆ పొలాల్ని గడ్డి మైదానాలుగా మార్చారు. దాంతో పాటే వేట ఆపారు, పులి దూరని కంచె కట్టి మందను పెంచారు. వేట ఆగకపోయి ఉంటే ఆ మైదానాలు ఖాళీగా ఉండేవి.

ఇక నెలల లెక్క. మలేషియాలో కార్తెల పంచాంగం పనికిరాదు, ద్వీపకల్పానికంతటికీ ఒకే తేదీ కూడా చెప్పలేం. తూర్పు తీరంలో నవంబరు నుంచి ఈశాన్య రుతుపవనాలు విరుచుకుపడతాయి. 2014 డిసెంబరు వరదల్లో తమన్ నెగారా ముఖద్వారమైన కువాలా తహాన్ కూడా మునిగింది. అక్టోబరులో అక్కడ గడ్డి వేస్తే విత్తనం, పైమట్టి కలిసి ఏటిలో కొట్టుకుపోతాయి. పడమటి వైపు ఏటా రెండు వానకాలాలు: ఏప్రిల్, మే నెలల్లో ఒకటి, అక్టోబరు, నవంబరుల్లో మరొకటి. ఉత్తర పెరాక్‌లో జనవరి, ఫిబ్రవరి కాస్త పొడిగా ఉంటాయి. పోడు చేసే ఒరాంగ్ అస్లీ కుటుంబాలు పొడి రోజుల్లో పొదలు కాల్చి, వాన పట్టుకోగానే విత్తుతారు. మేత మడికీ అదే తగిన సమయం: ఫిబ్రవరి, మార్చిల్లో నేల సిద్ధం చేసి, తొలి వానలు నిలకడగా పడ్డాక పిలకలు నాటాలి. వాలు నేలల్లో విత్తనం చల్లడం కన్నా పిలకలే నయం.

ఏ గడ్డి అన్నది అంతకన్నా పెద్ద విషయం. పశువుల క్షేత్రాల్లో విరివిగా పెరిగే బ్రాకియేరియా డికంబెన్స్ మలేషియాలోనే గొర్రెల కాలేయాన్ని దెబ్బతీసింది. తేలిగ్గా పెరుగుతుంది కదా అని దాన్నే అడవిలోకి తీసుకుపోవడం తెలివైన పని కాదు. నేల తెరిచిన చోటల్లా మికానియా తీగ అల్లుకుపోతుంది. లలాంగ్ గడ్డి లేతగా ఉన్నప్పుడు జింక తింటుంది, ముదిరితే మూతి పెట్టదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు కోసే మనుషులు లేకపోతే మడి రెండేళ్లలో ముళ్ల పొద అవుతుంది. ప్రారంభోత్సవం నాటి ఫోటోలో అది కనిపించదు.

మేత ఎక్కువైనా చేటే. నెగిరి సెంబిలాన్‌లోని పాసో అడవి చుట్టూ ఆయిల్ పామ్ తోటలు. రాలిన పళ్లు తిని, పులి భయం లేక, 1990ల్లో అక్కడ అడవి పందులు చదరపు కిలోమీటరుకు ఇరవై ఏడు నుంచి నలభై ఏడు దాకా ఉండేవి. ఈనబోయే ఆడ పందులు గూడు కోసం లేత మొక్కల్ని వేలకొద్దీ విరిచేయడంతో అడవి అడుగు పెరుగుదలే దెబ్బతింది. పులి లేని చోట మేత పెంచితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అక్కర్లేదు.

తోటల మాట వస్తే తెలుగువాళ్ల మాటా వస్తుంది. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి రబ్బరు, కొబ్బరి తోటల పనికి వెళ్లినవాళ్ల మనవలు, మునిమనవలు ఇప్పుడు పెరాక్‌లోని బాగాన్ దాతుక్, తెలుక్ ఇంతాన్ ప్రాంతాల్లో ఉన్నారు. 1955లో పుట్టిన తెలుగు సంఘం ఇప్పటికీ పనిచేస్తోంది. 1,17,500 హెక్టార్ల రాయల్ బెలూమ్ ఉద్యానవనం ఉన్నది ఆ రాష్ట్రంలోనే. అడవి మాంసం దొరుకుతుందని గొప్పగా చెప్పుకునే హోటలుకు వెళ్లకపోవడం, రూసా మాంసం అమ్ముతుంటే పెర్హిలితన్‌కు ఫోన్ చేయడం ఆ ఊళ్లలో ఏ కుటుంబమైనా చేయగల పనులు. అక్కడ క్షేత్రాల్లో పెంచే జింక ఎక్కువగా జావా జాతిది. దాని మాంసం పేరుతో అడవి కణుజు మాంసం చెల్లిపోకుండా చూడాల్సింది మాత్రం అధికారులు. ఆ జావా జింకలు తప్పించుకుని అడవి కణుజులతో కలవకుండా చూడాల్సిందీ వాళ్లే.

మలేషియాలో భూమి, అడవి రాష్ట్ర ప్రభుత్వాల చేతిలో ఉంటాయి. అడవిని కాపాడినందుకు కేంద్రం 2019 నుంచి రాష్ట్రాలకు ప్రత్యేకంగా డబ్బు ఇస్తోంది. ఆ డబ్బుకు ఒక షరతు పెట్టవచ్చు: మేత మడికి, చవుడు నేలకు, జింకల విడుదలకు నిధి అడిగే రాష్ట్రం ముందుగా ఆ లోయలో ఆరు నెలల గస్తీ రికార్డు చూపించాలి, మరో అయిదేళ్ల గస్తీకి జీతాలు పక్కన పెట్టాలి. వదిలే జింకలకు క్షయ పరీక్ష చేయాలి, మెడకు రేడియో పట్టీ కట్టాలి. ఏ పట్టీ ఎక్కడ ఆగిపోయిందో ఏడాదికోసారి జనానికి చెప్పాలి. ఈ షరతుకు ఒప్పుకునే లోయలు మొదట రెండో మూడో ఉంటాయి. పని ఆ రెండు మూడింటిలోనే, ఫిబ్రవరి ఎండల్లో, మొదలుపెట్టాలి.