ఆ గేటు మూసే ఉండనివ్వండి

శాన్‌ఫ్రాన్సిస్కో బే అనగానే మనకి గుర్తొచ్చేది గూగుల్, మెటా, ఒక ఆఫర్ లెటర్. కానీ ఆ ఆఫీసుల వెనకే ఉప్పునీటి చిత్తడి నేలలు, పార్కులు, గట్ల మీద సైకిల్ దారులు ఉన్నాయి. బే చుట్టూ 500 మైళ్ల ట్రైల్ ప్లాన్ చేస్తే, 350 మైళ్లకి పైగా పూర్తయింది. మౌంటెన్ బైక్ ఉన్నవాళ్లకి పండగే!

అయితే పక్షులు గుడ్లు పెట్టే సీజన్లో కొన్ని దారులు మూసేస్తారు. "సైకిల్‌కి పొగ రాదు, హారన్ లేదు, మమ్మల్నెందుకు ఆపడం?" అనొచ్చు. నా ఓటు మాత్రం ఆ గేటుకే. స్నోయీ ప్లోవర్ అనే చిన్న పక్షి చెట్టు మీద గూడు కట్టదు. ఎండిన ఉప్పుమడుల్లో, ఉత్త నేల మీదే గుడ్లు పెడుతుంది. వాటి రంగు మట్టిలో కలిసిపోతుంది. బ్రేక్ వేసేలోపే టైరు ఎక్కేస్తుంది. ఆ కొన్ని నెలలు రూటు మార్చుకుంటే మనకి పోయేదేముంది? నాలుగు మైళ్లు ఎక్కువ తొక్కుతాం, అంతే కదా!