వాము గింజలోని విలువ



వాము మన యింటి దినుసు. కడుపునొప్పి వచ్చిన పిల్లలకు పెద్దలు దీనిని నమలించుదురు. ఎద్దు కడుపుబ్బిన బెల్లముతో నూరి మ్రింగించుదురు. కర్నూలు నల్లరేగడులయందు ఇది వర్షాధారముగ పండుచున్నది. మన యొంగోలు రేగడియును దీనికి తగిన నేలయే. మిరపకువలె దీనికి పెట్టుబడి యక్కరలేదు. అయినను దీని విలువ యెందున్నదో మనలో ననేకు లెఱుగరు. అది గింజ తూకమునందు గాక, గింజలోని తైలమునం దున్నది.

నూరు పాళ్ళ గింజలలో సుమారు 2 మొదలు 4 పాళ్ళు సుగంధతైల ముండును. అందు దాదాపు సగము థైమాలు. చల్లబఱచిన నది పలుకులు కట్టును. అంగళ్ళలో వాముపువ్వని యమ్మునది యిదియే. సూక్ష్మజీవుల దేహమును కప్పియుండు పలుచని పొరను థైమాలు చెఱచును. లోని ద్రవ్యములు వెలికి కారి యవి నశించును. నోరు పుక్కిలించు మందులలో దీనిని నేటికిని వాడుచున్నారు.

1914వ సంవత్సరపు యుద్ధమునకు ముందు మన దేశపు వాము ఓడలకెక్కి జర్మనీకి పోవుచుండెను. థైమాలు అచ్చట తీయబడుచుండెను. గింజ మనది, లాభము పరులది. యుద్ధముతో నా దారి మూసికొనగా, థైమాలు కఱవై, మన దేశమునందే దానిని తీయ నారంభించిరి.

అయితే పరీక్షశాలలోని గెలుపు వేఱు, దేహమునందలి గెలుపు వేఱు. ఒక గ్రామమున నొక రైతు, బుడ్డి అమ్మినవాని మాట నమ్మి, ఎద్దు మెడపుండుపై చిక్కని తైలమును పోసెను. పుండు మానలేదు సరికదా, చర్మము కాలి యెద్దు పదునైదు దినములు కాడి మోయలేదు. దుక్కి అదను తప్పినది. ఆ యెద్దును నేను కన్నులార చూచితిని. కొంకిపురుగులకు వైద్యు లొకప్పుడు థైమాలు నిచ్చెడివారు. అపాయము తక్కువైన మందులు వచ్చిన పిమ్మట వారే దానిని విడిచిరి. కావున వాంతిభేదికిని, చీముపుండునకును వైద్యునియొద్దకే పోవలయును.

మనకు లాభము బుడ్డిలో లేదు, పంటను కాపాడుకొనుటలో నున్నది. తైలము ఎగిరిపోవు గుణము గలది. గింజను నీడను ఆరబెట్టుడు. పొడి చేసి నిలువ యుంచకుడు. గుంటూరు చెంత లాం పరిశోధనాస్థానమువారు విడుదల చేసిన రకములనుగూర్చి విచారించి విత్తుడు.

నేడు రెండు బస్తాలు తెచ్చిన రైతు గింజను వర్తకుడు అరచేత నలిపి, వాసన చూచి, తోచిన ధర చెప్పును. ఇరువది యిండ్ల గింజను సంఘము ఒకచోట చేర్చి, నమూనాను పరీక్షింపించి, తైలపు పాలు చూపి ధర యడిగిన నతడు అరచేతితో బేరమాడజాలడు. బట్టీయే పెట్టుదమని కొంద ఱందురు. తొందర వలదు. ఒక యేటి పంటను కలిపి యమ్మలేని సంఘము బట్టీని నడపజాలదు. ముందు గింజను కలుపుదము. పిమ్మట తైలము మాట.