సెలవునాడు ఎవరికి సెలవు?

కంప్యూటరు పనివారికి జీతము హెచ్చు, శ్రమ తక్కువ, సెలవులు మెండు అని లోకమున నొక ప్రవాద మున్నది. జీతమునుగూర్చి నేను వాదింపను. సెలవులనుగూర్చి మాత్రము వాదింపక తప్పదు. శనివారములు, ఆదివారములు, పండుగలు, అవిగాక కార్యాలయమువారు ఏటేట లెక్కకట్టి యిచ్చు దినములు - కాగితముమీద చూచినచో మాకంటె భాగ్యవంతులు లేరు. కాని యా దినములలో మేమేమి చేయుచున్నాము? మా యిండ్లలోనివా రేమి చేయుచున్నారు? మొదటి ప్రశ్నను మగవారు ఆఫీసులలో కాఫీ త్రాగుచు అడిగికొనుచున్నారు. రెండవ ప్రశ్నను ఆడువారు వంటయిండ్లలో తమలో తామే అడిగికొనుచున్నారు. ఈ రెండును ఒకటే ప్రశ్నయని నా వాదము.

నేను హైదరాబాదు మాదాపురములో ప్రోగ్రాములు వ్రాసి జీవించువాడను. గడచిన సంక్రాంతికి సకుటుంబముగా కోనసీమలోని మా యూరికి పోయితిని. కనుమనాడు మధ్యాహ్నము వడ్డన జరుగుచుండగా నా ఫోను మ్రోగినది. ఆ వారము నాది ‘ఆన్‌కాల్’ వంతు. ఈ మాట యెఱుగనివారికొరకు చెప్పుచున్నాను: పగలనక రేయనక ఏ సర్వరు చెడినను ఎవరిని లేపవలెనో ముందుగానే నిర్ణయించి వంతులు వేయుదురు, వంతు వచ్చినవాడు ఫోను దిండుక్రింద నుంచుకొని నిద్రించును. ఆనాడు జరిగినదేమనగా, ఒక సర్వరులో చిట్టాలు పెరిగి పెరిగి డిస్కు నిండిపోయినది. పాతచిట్టాలను తొలగింపవలసిన చిన్న ప్రోగ్రా మొకటి నెలదినములుగా పనిచేయుట మానినను ఎవరును గమనింపలేదు. నేను విస్తరిముందునుండి లేచి చేయి కడుగుకొని అరుగుమీద ల్యాప్‌టాపు తెరచి కూర్చుంటిని. సిగ్నలు అందక కొబ్బరిచెట్టు క్రిందికి, అచ్చటినుండి డాబామీదికి మారితిని. మూడుగంటలు పట్టినది.

పని ముగించి లోనికి వచ్చి, పండుగపూటకూడ నాకు విశ్రాంతి లేదుగదా యని విసుగుకొంటిని. నా భార్య యప్పుడు నాకొరకు కూరలు మరల వెచ్చచేయుచున్నది. ఆమె నవ్వి, “మీకు ఆన్‌కాల్ నెలకొక వారమండీ. నాకు పెళ్ళయిన నాటినుంచీ” అనెను. మా తల్లి యా మాట విని నవ్వలేదు.

ఆ మాటకు ప్రత్యుత్తరము వెదకి వెదకి, దొరకక, ఈ వ్యాసము వ్రాయుచున్నాను. నా భార్యయు బ్యాంకులో ఉద్యోగిని యని చెప్పుట మరచితిని. ఆ మరపు ఊరక కలిగినది కాదేమో!

ఆదివారపు సెలవు ఆకాశమునుండి ఊడిపడిన వస్తువు కాదు. బొంబాయి నూలుమిల్లులలో కూలీలకు వారమున కొకదినమైనను విశ్రాంతిలేని కాలమున, జోతిరావు ఫూలేగారి అనుయాయియు, ‘దీనబంధు’ పత్రికా సంపాదకుడును నగు నారాయణ మేఘాజీ లోఖండేగారు 1884లో కూలీల సంఘమును స్థాపించి, అర్జీలు వ్రాసి, సభలు జరిపి, ఏండ్లతరబడి పోరాడి, 1890లో మిల్లుయజమానులచేత ఆదివారపు సెలవు నొప్పించిరి. 1921లో అంతర్జాతీయ కార్మికసంస్థ, పరిశ్రమలలో ప్రతివారము ఇరువదినాలుగు గంటల విశ్రాంతి యుండవలెనని యొక యొడంబడికను చేసెను. భారతదేశము దానిని 1923లోనే యంగీకరించెను. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము వారమునకు 48 గంటలను హద్దుగా విధించెను. మిల్లుకూలి ఆదివారము ఇంటనున్నప్పుడు మగ్గము వానివెంట రాలేదు. మా మగ్గము మా జేబులోనే యున్నది. ముందుతరములవారు పోరాడి తెచ్చిన దినమును మేము ఎవరును బలవంతపెట్టకయే, క్రొత్త ఫోను చేతబట్టుకొని, నవ్వుచు తిరిగి యిచ్చివేయుచున్నాము.

ఇచ్చినది చాలదని యనుచున్న పెద్దలును కలరు. ఇన్ఫోసిస్ స్థాపకులలో నొకరగు నారాయణమూర్తిగారు 2023 అక్టోబరులో, దేశయువకులు వారమునకు 70 గంటలు పనిచేయవలెనని సెలవిచ్చిరి. ఎల్ అండ్ టి అధ్యక్షులు సుబ్రహ్మణ్యన్‌గారి పలుకులు 2025 జనవరిలో బయటికి వచ్చినవి. వారు 90 గంటలకు పోయిరి. ఆదివారములు గూడ పని చేయింపలేకపోతినే యని చింతించిరి. ఇంటగూర్చుండి భార్యను ఎంతసేపని చూచుచుందురను ధోరణిలో పరిహాసమును ఆడిరి. దేశమంతయు గోల పుట్టినది. ఆ గోలలో ఎక్కువమంది గంటల లెక్కనే పట్టుకొనిరి. నాకు మాత్రము ఆ పరిహాసమే యెక్కువ పట్టినది. ఇంటనున్న మగవానికి భార్యను చూచుటతప్ప వేఱు పనిలేదని వారి యభిప్రాయము కాబోలు! ఏడుదినములును పనిచేసినను 90 గంటలనగా దినమునకు దాదాపు పదుమూడు గంటలు. ఆ పదుమూడు గంటల మహాశయునకు అన్నము వండువారెవరు? బట్టలు ఉతికించువారెవరు? పిల్లవాని జ్వరమునకు సెలవు పెట్టువారెవరు? ఒక మగవాని 90 గంటలు నిలువవలెనన్న వెనుక నొక యాడుది గంటల లెక్కలేక నిలువవలెను. పెద్దలు ఆ లెక్కను చెప్పరు.

చెప్పినవారు వేఱుగా నున్నారు. 2019లో కేంద్రప్రభుత్వ గణాంకశాఖవారు దేశమంతట కాలవినియోగపు సర్వే జరిపిరి. దానిలో తేలిన సంగతి యిది: తమ యింటివారికొరకు జీతములేని యింటిపని యేదైనను చేయు స్త్రీలు నూటికి 81 మంది, పురుషులు 26 మంది. చేసినవారిని మాత్రమే తీసికొన్నను, స్త్రీకి దినమునకు 299 నిమిషములు, పురుషునకు 97. స్త్రీ చేయు నిమిషములను ఏడింట గుణింపుడు: వారమునకు దాదాపు 35 గంటలు. ఉద్యోగము చేయు స్త్రీకి ఇవి కొంత తగ్గునని యొప్పుకొందము. పదిగంటలు తగ్గించి లెక్కించినను, నా భార్య బ్యాంకులో గడపు నలువదియైదు గంటలతో కలిపి డెబ్బది పూర్తియగుచున్నది. నారాయణమూర్తిగారి యాదర్శము మా వంటయింట ఎన్నడో సిద్ధించినది! దేశము దానివలన ఎంత ముందునకు పోయినదో వారే చెప్పవలెను.

ఇచ్చట నా తోడి ప్రోగ్రామర్లు అడ్డుతగులుదురు. “యంత్రములు వచ్చినవి కదా! గ్రైండరు, వాషింగు మెషీను, గిన్నెలు తోముటకు సయితము యంత్రము. ఇక ఆడువారికి పని యెక్కడిది?” అందురు. యంత్రములను నమ్ముట మా కులవృత్తి గనుక ఈ మాట మాకు సులభముగా తోచును. రూత్ ష్వార్ట్జ్ కవన్ అను అమెరికా చరిత్రకారిణి 1983లో దీనినిగూర్చియే యొక గ్రంథము వ్రాసినది. ఇంటియంత్రములు వచ్చిన పిమ్మట, పూర్వము మగవారును పిల్లలును పనివారును చేయుచుండిన పనులు తగ్గినవనియు, గృహిణి పనిమాత్రము తగ్గలేదనియు, శుభ్రతకును వంటకును కొలమానములు పెరిగి యా మిగిలిన కాలమును మ్రింగివేసినవనియు ఆమె నిరూపించినది. అమెరికాదాక పోనేల? మా యమ్మమ్మ రుబ్బురోటిలో రుబ్బుదినములలో ఇడ్లీ పండుగకో చుట్టము వచ్చిననాడో చేసెడిది. గ్రైండరు వచ్చెను, ఇడ్లీ నిత్యవిధియైనది. దుప్పట్లు నెల కొకమారు చాకిరేవునకు పోయెడివి. ఇప్పుడు వారమువారము యంత్రములో పడుచున్నవి. యంత్రము ఉతుకును గాని ఆరవేయునా? మడతపెట్టి అలమరలో సర్దునా? నేను కొన్న వాషింగు మెషీను ఉతుకుట ముగియగానే నా ఫోనునకు వార్త పంపును. ఆ వార్తను చదివి, “అయిపోయినదట!” యని కుర్చీలోనుండి కేకవేయుట చాలకాలము నా వంతు పనియై యుండెను.

ఇక మా వ్యాసంగములు. ఈ విషయమున నేను సాక్షిని కాను, ముద్దాయిని. నా మేజా సొరుగులో నేమేమి యున్నవో చెప్పెదను. పిల్లలకు చౌకగా కంప్యూటరువిద్య నేర్పవలెనని ఇంగ్లండులోని యొక ధర్మసంస్థ 2012లో వెలువరించిన రాస్ప్‌బెర్రీ పై యను అరచేతి కంప్యూటర్లు మూడు. వానిలో రెండు పెట్టెలు విప్పనివి. టంకము వేయు కడ్డీ యొకటి. కొండలు ఫొటో తీయుటకు కొన్న కెమెరా. అది మా మేడమీదితప్ప వేఱు కొండ నెక్కలేదు. మీటలు టకటక మ్రోగు కీబోర్డులు రెండు - ఒకదాని చప్పుడు మఱియొకదానికంటె గంభీరముగా నుండునని కొంటిని. ఎన్ని యడుగులు వేసితినో, ఎంతసేపు నిద్రించితినో లెక్కించు చేతిగడియారము. నిద్రకుగూడ మార్కులు వేయు నుపాధ్యాయుని డబ్బిచ్చి తెచ్చుకొన్న బుద్ధిమంతుడను నేను! ఈ వస్తువులన్నియు సెలవుదినములయందే కొంటిని. సెలవుదినములన్నియు వీనిలో నేది మంచిదో చదువుటతోనే గడచినవి. చేయుట వ్యాసంగము. కొనుట వ్యసనము. మాలో పలువురు రెండవదానిని మొదటి పేరుతో పిలుచుకొనుచున్నారు.

నిజమైన వ్యాసంగము మా వృత్తిలో లేకపోలేదు. గీడో వాన్ రోసుమ్ 1989 క్రిస్మసు సెలవులలో, ఆమ్‌స్టర్‌డాములో, తన యింటియొద్ద ఉబుసుపోకకు ఒక ప్రోగ్రాముభాషను నిర్మింప మొదలిడెను. అదియే నేడు లోకమంతట వాడుకలోనున్న పైథాను. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ఇరువదియొక్క యేండ్ల విద్యార్థిగా నుండి, హెల్సింకిలో, వినోదమునకే లినక్సును మొదలుపెట్టెను. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో ఆరంభమై, జీతమెఱుగని వారి తీరుబడి గంటలతో పెరిగినది.

ఈ యుదాహరణములను మా పైయధికారులును చెప్పుచుందురు. “చూచితిరా, మహానుభావులు సెలవులలోకూడ పని చేసిరి!” అని. ఇది కపటవాదము. రోసుమ్‌గారు ఆ వారము ఇంటనుండుటకు కారణము కార్యాలయము మూసియుండుటయే. మూసిన తలుపు ఆ భాషకు తొలి యుపకారి. ఆ వారమున ఎవరైన వారిని పిలిచి నిండిన డిస్కును ఖాళీచేయుమనియుండినచో పైథాను పుట్టియుండునా? అంతేకాక, సెలవున నేదో యొకటి పుట్టితీరవలెనను నియమముకూడ నే నొప్పను. చిక్కుడుపాదునకు పందిరి వేసినవాడును, మధ్యాహ్నము నిద్రపోయినవాడును సెలవును వృథాచేసినవారు కారు.

కంప్యూటరుశాస్త్రమున పెద్దలగు డొనాల్డ్ నూత్‌గారు 1990 జనవరి 1వ తేదీనుండి ఈమెయిలును విడిచిపెట్టిరి. అప్పటికే దానిని పదునైదేండ్లు వాడినవారు; ఇక చాలుననిరి. ఇంటిలో నొక పెద్ద ఆర్గను వాద్యమును నెలకొల్పుకొని వాయించుకొనుచుందురు. ఇది వినగానే, “వారు నూత్‌గారు, నేను నెలజీతగాడను” అని మీ రందురు. సత్యమే. మహాపురుషుని నియమమును అప్పులు తీర్చుకొనుచున్నవాడు అనుసరింపలేడు. అందుచేతనే చట్టము కావలెను. పని వేళలు దాటినపిమ్మట యజమాని సందేశమునకు బదులీయకుండు హక్కును ఫ్రాన్సుదేశము 2017 జనవరినుండి చట్టములో నెక్కించినది; ఆస్ట్రేలియా 2024 ఆగస్టునుండి. మనదేశములో సుప్రియా సూలేగారు 2018లో ఇట్టి బిల్లును లోక్‌సభలో ప్రవేశపెట్టిరి; అది చట్టము కాలేదు. బిల్లులు వచ్చినప్పుడు మేము పట్టించుకొనలేదు. ఆ వారము క్రొత్త ఫోను విడుదలయైనదేమో!

చట్టము వచ్చినను అది వంటయింటి గడప దాటదు. ఈ మాట చెప్పకున్నచో నా వాదము సగమే. మగవానికి ఆదివారము నిశ్శబ్దముగా గడచుటకై ఇంటిలో నొకతె చప్పుడుచేయక పనిచేయుచుండుట సెలవు కాదు, అది వంతుమార్పు. లోఖండేగారు మిల్లుయజమానులను అడిగినదానిని మన తల్లులు మనలను అడుగలేదు గనుక మన మీయనక్కఱలేదా?

మా యింట నిప్పుడు చేసికొన్న యేర్పాటు గొప్పది కాదు. నెలలో రెండు ఆదివారములు వంట నాది. ఆ దినములలో నా భార్యను, ఉప్పెక్కడ, ఆవా లెక్కడ యని అడుగరాదు. ఈ రెండవ నియమమే కఠినమైనది. పదునైదేండ్లుగా నా యింటిలో ఆవా లెక్కడ నుండునో నే నెఱుగనని మొదటి యాదివారమున తెలిసినది. ఉప్మా అడుగంటినది. ప్రక్కయింటి పెద్దమ్మగారు వాసనపట్టి వచ్చి, కోడలికి ఒంట్లో బాగులేదా యని అడిగిరి. మగవాడు వండవలెనన్న ఆడుదానికి జబ్బుచేయవలెనని మన సంఘనియమము కదా!

ఆ యాదివారమున నా భార్య తొమ్మిదిగంటలదాక నిద్రించెను. రెండవదానినాడు అలమరమీది వీణను దింపించెను. బొబ్బిలిలో పనసకొయ్యతో చేసినది. పెండ్లికి వారి తండ్రిగా రిచ్చినది. గలేబు విప్పిచూడగా మెట్లక్రింది మైనము ఎండి పగిలియున్నది. నాలుగు మెట్లు ఊడి చేతిలోనికి వచ్చినవి. నేను వీడియో చూచి బాగుచేసెదనని యుత్సాహపడితిని. ఆమె ఒప్పుకొనక, పనివాని యొద్దకు పంపించినది. వచ్చునెలకు సిద్ధమగునని యాతడు చెప్పెను.

ఆఫీసువిషయమున నేను చేసినది ఇంకను స్వల్పము. పండుగదినమున ఆన్‌కాల్ వంతు పడినవారికి బదులు సెలవీయవలెననియు, ఒక్కనినే లేపక ఇరువురికి వంతు పంచవలెననియు, చిట్టాలను తొలగించు ప్రోగ్రాము నిలిచిన యెడల కార్యాలయపు వేళలలోనే తెలియు నేర్పాటు చేయవలెననియు పైయధికారికి లేఖ వ్రాసితిని. మూడవది వెంటనే మంజూరైనది. దానిని వ్రాయు పనియు నాకే యొప్పగించిరి. మొదటి రెంటికి ఆరువారములైనను జవాబు లేదు. ఈ నెల మూడవ వారము మరల నా వంతు.